గొల్లకావడి కింద గుర్రం

మా నాయనను దొంగ అన్న మనిషి ఆ రోజు మెడలో అయ్యప్ప మాలతో, ఒంటిమీద నల్లబట్టలతో ఉన్నాడు. అందుకే మా వీధంతా నమ్మింది.

కానీ ఈ కథ అంతకు కొన్ని వారాల ముందు, హిందూపురంలో నవాజ్ అన్న సెల్‌ఫోన్ రిపేరు కొట్లో మొదలైంది. బల్లమీద నా కెమెరా ముక్కలు ముక్కలుగా పడి ఉంది. నవాజ్ అన్న పట్టకారుతో చిన్న గాజుపలకను పట్టుకుని నా వైపు చూశాడు.

"తనూజా, ఇంకోసారి అడుగుతాండా. ఇది తీసేస్తే మళ్లీ పెట్టేకి కాదు. ఈ కెమెరా ఇంక పెళ్ళిళ్ళకు పనికి రాదు."

"తీసెయ్ అన్నా. నాకు పెళ్ళికూతుర్లు వద్దు, గుర్రం కావాల."

"యాడుండాది గుర్రం?"

"గొల్లకావడి కింద."

ఆయన పగలబడి నవ్వి, ఆ గాజును పీకేశాడు.

చలికాలం రాత్రుల్లో ఒకే వరుసలో మెరిసే మూడు చుక్కల్ని మా అవ్వ గొల్లకావడి అనేది. ఆ మూడింటిలో కింది చుక్క పక్కన ఎర్రటి వాయుమేఘం ఒకటి ఉంది. దాని ముందు నల్లటి దుమ్ము, అచ్చం గుర్రం తల ఆకారంలో నిలబడి ఉంటుంది. ఆ ఎరుపు ఎంత ముదురంటే, మామూలు కెమెరా దాన్ని చూడలేదు. రంగులు మన కంటికి కనపడేట్టే రావాలని కంపెనీవాళ్ళు లోపల ఒక గాజు పెడతారు, అది ఆ ఎరుపును ఆపేస్తుంది. గాజు తీసేస్తే ఎరుపు లోపలికి వస్తుంది. దాంతోపాటు మన కళ్ళకు ఎప్పుడూ కనపడని వెలుగు కూడా కొంత వస్తుంది. ఆ రెండో సంగతి నేనప్పుడు పట్టించుకోలేదు.

నేను ధర్మవరంలో బుడన్‌సాబ్ మామ స్టూడియోలో పనిచేస్తాను. పెళ్ళిళ్ళు ఆయనవి, పట్టుచీరల ఫోటోలు నావి. ఆయన వాడకుండా పక్కన పెట్టిన పాత కెమెరానే నాకిచ్చాడు. స్టూడియో కెమెరా కూడా అదే కంపెనీ, అదే మోడల్. రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉండేవి. తప్పు అక్కడే జరిగింది.

నేను చీకటి చోటు వెతుక్కుంటూ పెనుకొండ వెళ్ళిన రోజున ప్రవీణ్ స్టూడియోకు వచ్చాడు. మా నాయన రామాంజి నేసేది అతని షాపుకే. పట్టూ, జరీ, నిలువుపోగుల వార్పూ అతనే ఇస్తాడు, నాయన నేసి కూలి తీసుకుంటాడు. బెంగళూరు షాపొకటి కొనబోయే పన్నెండు నల్లచీరల ఫోటో కావాలని ప్రవీణ్ తెచ్చాడు. అన్నీ ఒకటే డిజైను, ఎర్రంచు, మామిడిపిందెలు. బుడన్‌సాబ్ మామ వాటిని చాపమీద మెట్లు మెట్లుగా పరిచి, అరలో చేతికందిన కెమెరాతో ఫోటో తీశాడు. అందింది నా కెమెరా.

మర్నాడు మామ నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏం పాపా, ఆ కెమెరాకు ఏం తినిపించినావు? నల్లచీరలు తీస్తే ఇటుకరాళ్ళు మాదిరి వచ్చినాయి! ప్రవీణ్ సామి గొంతు బస్టాండు దాకా వినపడింది. నా ముసలి కండ్లదే తప్పని మళ్లీ తీసిచ్చినా. ఆ దరిద్రం ఫోటో ముందు తీసెయ్."

నేను తీసెయ్యలేదు. ల్యాప్‌టాప్‌లో 'చెత్త' అని ఒక ఫోల్డరు ఉంది, అందులో పడేశాను. ఆకాశం ఫోటోలు తీసేవాళ్ళ అలవాటది. ఒక్క మేఘం బొమ్మకు వందలకొద్దీ ఫోటోలు తీసి, అన్నింటినీ కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చాలి. గాలికి కదిలినవీ, లారీ లైటు పడినవీ పక్కకు తీస్తాం. ఎందుకు పాడయ్యాయో చూసుకోవాలి కాబట్టి, బొమ్మ పూర్తయ్యేదాకా వాటిని పారేయం.

గుర్తుకోసం నా కెమెరా మీద తెల్లరంగుతో అడ్డగీత గీశాను. ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను.

*

డిసెంబర్లో ఒక పొద్దున ప్రవీణ్ మా గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో విప్పిన నల్లచీర. మాకంటే ముందు వీధికి వినపడేలా అరిచాడు.

"రామాంజీ! బయటికి రా!"

నాయన మగ్గం గుంటలోంచి లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ప్రవీణ్ వయసులో నాయన కంటే చాలా చిన్న. కానీ మాలలో ఉన్నాడు.

"ఏమి సామీ, ఇంత పొద్దన్నే..."

"ఈ చీర బెంగళూరులో కొన్నోళ్ళు వెనక్కి కొట్టినారు. పోగు కాలిస్తే ప్లాస్టిక్ వాసన! నేనిచ్చిన పట్టు యాడికి పోయింది?"

నాయనకు అర్థం కాలేదు. చీరంచు పట్టుకుని చూడబోతే ప్రవీణ్ లాక్కున్నాడు.

"నాలుగు మగ్గాలకు ఇదే డిజైను ఇచ్చినా. మిగతా ముగ్గురి సరుకు బంగారం. నీదొక్కటే ఇట్లొచ్చింది. పట్టు అమ్ముకోని, నైలాన్ నేసినావు."

"ఇది నా చెయ్యి కాదు సామీ. నేను నేసింటే నాకు తెలీదా?"

"మాలలో ఉండి అబద్ధం చెప్తానా నేను?"

ఆ మాటకు ఎదురింటాయన తల దించుకున్నాడు. పక్కింటామె లోపలికి పోయి తలుపేసుకుంది. మా అమ్మ కౌసల్యమ్మ పోగులు సర్దే ఆసు వదిలేసి బయటికొచ్చింది.

"ముప్పై ఏండ్లుగా నేస్తాండాడు సామీ. మీ నాయన కాలం నుంచి. ఒక్క పోగు తేడా వచ్చిండాదా?"

"మా నాయన మెతకోడమ్మా. అందుకే తిన్నారు."

నేను గడప దాటి ముందుకెళ్ళాను. నాయన నా మోచెయ్యి పట్టి ఆపాడు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. ఆ చెయ్యి బిగించిన తాడులా ఉంది.

"పోండి సామీ," అన్నాడు నాయన. దొంగ అన్నవాడిని అండీ అని, సామీ అని సాగనంపాడు.

సాయంత్రానికి ఊరంతా పాకింది. మగ్గం మీద ఒక వార్పు అయిపోతే, దాని కొసల్ని అట్లే ఉంచి కొత్త వార్పును పోగుపోగుకూ అతుకుతారు. మా మగ్గం మీద ఆ నల్లపోగుల కొసలు వేలాడుతూనే ఉన్నాయి, వాటికి అతికే వార్పు మాత్రం రాలేదు. నాయన తిరగని షాపు లేదు. ఒకాయన మొహం మీదే చెప్పాడు: "నీ మీద నాకు నమ్మకమే అప్పా. కానీ నీకిస్తే రేపు నన్నూ దొంగ అంటారు."

సంక్రాంతి పండక్కు ముందే నాయన పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పనికి కుదిరాడు. పట్టుపోగు తెగితే చీకట్లో వేళ్ళతోనే ముడేసే మనిషి, ఇంటికొచ్చి సోడా పొడికి పగిలిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునేవాడు. అమ్మ మగ్గం మీద దుప్పటి కప్పింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. నాతో మాత్రం ఒకటే మాట: "నువ్వు నోరు మూసుకోని ఉండు. ప్రవీణ్ ఫోటోలు లేకుంటే ఆ స్టూడియో గూడా ఉండదు."

నేను నోరు మూసుకున్నాను. పళ్ళు నూరుకుంటూ అదే ప్రవీణ్ చీరలకు రోజూ ఫోటోలు తీశాను. రాత్రుళ్ళు నిద్రపట్టకపోతే గుర్రం ఒక్కటే మిగిలింది నాకు. దాన్ని పట్టి తీరాలి. ఊరి వెలుతురుకు ధర్మవరంలో అది కుదరదు. పెనుకొండ దాటి రొద్దం దారిలో, నాయనకు తెలిసినాయన చేనొకటి ఉంది. ఆకాశంతోపాటు కెమెరాను మెల్లగా తిప్పే చిన్న మోటారు, స్టాండు, బ్యాటరీ, అన్నీ మోసుకుని బస్సెక్కేదాన్ని. పని దిగి నాయన పెనుకొండలో కలిసేవాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. సామాను సగం భుజానికెత్తుకునేవాడు, అంతే.

ఆ రోజు బ్యాటరీ సంచి జిప్పు తెగిపోయింది. నాయన జేబులోంచి పురిపెట్టిన నల్లతాడు ఒకటి తీసి దాని మూతి కట్టాడు.

"ఏంది నాయనా అది?"

"మగ్గం మీది పోగులే. కొసలు కొన్ని కత్తిరించి పెట్టుకున్నా."

సంచి టీ అంగడి బెంచీ మీద పెట్టాం. అదే బెంచీ మీద నలుగురు అయ్యప్ప స్వాములు టీ తాగుతున్నారు. పొద్దు వాలుతోంది. లెన్సు మీద మరక ఉందేమోనని చూడటానికి బెంచీ వైపు తిప్పి ఒక ఫోటో తీశాను. కెమెరా వెనక తెరమీద చూసి, ఇంకోటి తీశాను. మళ్లీ ఇంకోటి.

"ఏం పాపా, సినిమాలో పెడ్తావా మమ్మల్ని?" అన్నాడు ఒక స్వామి.

"ఒక్క నిమిషం సామీ. కదలొద్దండి."

కళ్ళ ముందు నలుగురూ కారునలుపు. తెరమీద నలుగురూ ఇటుక రంగు. వాళ్ళ పక్కనే సంచి మూతికి కట్టిన మా మగ్గం పోగులు మాత్రం నల్లగా, బొగ్గులా ఉన్నాయి.

కంటికి ఒకే నలుపు. కెమెరాకు రెండు. వేసిన రంగు వేరు, పోగు వేరు. వాళ్ళది నైలాన్ లాంటిది, మాది పట్టు. మన కంటికి కనపడని వెలుగు ఒకదాంట్లో తిరిగొస్తోంది, ఇంకోదాంట్లో మునిగిపోతోంది.

'ఇటుకరాళ్ళు మాదిరి వచ్చినాయి' అన్నాడు బుడన్‌సాబ్ మామ. అన్నీ వచ్చాయా? కొన్నేనా? నేనా ఫోటోను సరిగ్గా చూడనేలేదు.

"నాయనా, ఇంటికి పోదాం పా."

"గుర్రమో?"

"అది యాడికీ పోదు."

ఇంటికొచ్చి 'చెత్త' తెరిచాను. మెట్లు మెట్లుగా పరిచిన పన్నెండు చీరలు. తొమ్మిది ఇటుక రంగులో ఉన్నాయి. మూడు నల్లగా ఉన్నాయి.

ఒక వార్పుకు మూడు చీరలు. నాయన నేసింది మూడే.

నాయనను లేపి చూపించాను. ఆ మూడు నల్లచీరల మీద వేలు పెట్టి, "ఇవి నావి," అన్నాడు. గొంతులో సంతోషం లేదు. "అంటే వాడికి ముందే తెలుసు."

అవును. ఏదో ఊరి మరమగ్గాల సరుకు తెచ్చి, నడుమ మూడు మంచి చీరలు కలిపి అమ్మాడు. కొన్నవాళ్ళు ఒకటి పట్టుకునేసరికి, తప్పించుకోడానికి ఒక మనిషి కావాల్సొచ్చాడు. నాలుగు మగ్గాలూ లేవు, ముగ్గురు నేతగాళ్ళూ లేరు.

*

పొద్దున్నే బుడన్‌సాబ్ మామకు అంతా చెప్పాను. ఆయన ఫోటో చూసి కళ్ళద్దాలు తీసేశాడు.

"దీన్ని నువ్వు చూడలే, నేను చూడలే. సరేనా?"

"మామా! తీసింది నువ్వే!"

"అందుకే చెప్తాండా. ఈ స్టూడియోకు సగం పని వాడిదే. వాడు ఫోను చేస్తే ఇంకో నలుగురు సేట్లు మానుకుంటారు. ముసలితనంలో నన్ను రోడ్డున పడేస్తావా?"

"మా నాయన ఇప్పుడు యాడుండాడు మామా? గిన్నెలు కడుగుతాండాడు! నీ పెళ్ళిలో కట్టుకున్న అంచుపంచె ఎవరు నేసింది?"

ఆయన లోపలికి పోయి కర్టెను లాగేసుకున్నాడు. నేను స్టూడియో తాళాలు బల్లమీద విసిరికొట్టి ఇంటికి వచ్చేశాను. ఆ రోజంతా ఎవరు పలకరించినా కరిచేదాన్నే.

సంక్రాంతి దాటి వారమైంది. అయ్యప్ప మాలలు తీసేశారు. ఒక మధ్యాహ్నం బుడన్‌సాబ్ మామ మా గడప ముందు స్కూటరు ఆపాడు. వెనక పెద్ద చుట్ట ఒకటి కట్టి ఉంది.

"ఆ నల్లచీరలు కొన్న బెంగళూరు అక్క వచ్చింది. పెళ్ళిళ్ళ సీజను సరుకు కొనేకి. ప్రవీణ్ షాపులో కూర్చోనుండాది. వీడియో తియ్యమని నన్ను పిలిచినాడు." ఆయన నా వైపు చూడకుండా మాట్లాడాడు. "ఎక్కు. ఆ గీత కెమెరా గూడా తీసుకో."

"చుట్ట ఏంది మామా?"

"ఆ ఫోటోనే పెద్ద సైజు కొట్టినా. చిన్నదైతే వాళ్ళకు కనపడదు."

ప్రవీణ్ షాపులో తెల్లపరుపుల మీద భాగ్యశ్రీ కూర్చుని ఉంది. చిలమత్తూరు ఆడపడుచు, బెంగళూరులో రెండు చీరల షాపులు. చుట్టూ పట్టు గుట్టలు పోసి ఉన్నాయి. ప్రవీణ్ తెల్లచొక్కాలో మెరిసిపోతున్నాడు. నన్ను చూడగానే మొహం మారింది.

"ఈమె ఎందుకు వచ్చె మామా?"

"లైటు పట్టుకునేకి," అంటూ బుడన్‌సాబ్ మామ చుట్టను పరుపు మీద పరిచాడు. "అక్కా, నువ్వు కొన్న పన్నెండు నల్లచీరలు ఇవే. ఈ ఫోటో తీసింది నేను."

భాగ్యశ్రీ వంగి చూసింది. "ఇవా? నేను తీసుకున్నవి అన్నీ నల్లవే కదప్పా."

"కంటికి అన్నీ నల్లవే అక్కా," అన్నాను. "ఈ కెమెరాలో రంగు అసలు గుట్టు బయటపడతాది."

ప్రవీణ్ నవ్వాడు. "అక్కా, అది పాడైపోయిన కెమెరా. ఆ పొద్దే నేను అరిచినా. అడుగు మామను!"

"పాడైతే పన్నెండూ పాడై రావాల. తొమ్మిదే ఎందుకు వచ్చినాయి?"

"లైటు..."

"లైటు ఒకటే. చాప ఒకటే. చీరలే వేరు. నువ్వు చెప్పినట్ల మా నాయన ఒక్కడే దొంగైతే, ఈ ఫోటోలో మించితే మూడే ఇటుకరంగు ఉండాల. మిగతావి ఎవరు నేసినారు? ఆ ముగ్గురి పేర్లు చెప్పు. ఇప్పుడే పోయి అడుగుదాం."

"ఏయ్! ఎవరితో మాట్లాడ్తాండావు? గిన్నెలు కడిగేవాని కూతురివి..."

"గిన్నెలు కడిగిపించింది నువ్వు!"

నా అరుపుకు పక్క షాపువాళ్ళు తొంగిచూశారు. నేను వెంట తెచ్చుకున్న, నాయన సంచికి కట్టిన పోగుల తాడునూ, ప్రవీణ్ షాపులో బీరువా మీద పడి ఉన్న వెనక్కొచ్చిన చీరనూ పక్కపక్కన పెట్టి అందరి ముందూ ఫోటో తీశాను. కెమెరా తెర భాగ్యశ్రీ ముందు పెట్టాను. తాడు నల్లన. చీర ఇటుక.

భాగ్యశ్రీ ఫోను తీసి బెంగళూరు షాపుకు చేసింది. కన్నడంలో మాట్లాడింది. అక్కడ మిగిలిన నల్లచీరలు ఒక్కోదాంట్లోంచి ఒక్కో పోగు లాగి కాల్చమంది. ఫోను స్పీకరు మీద పెట్టి పరుపు మీద ఉంచింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు మాకు వినపడింది. మళ్లీ ఇంకోటి. ప్రవీణ్ మధ్యలో "టీ తాగక్కా, చల్లారిపోతాంది," అన్నాడు.

చివరికి ఆ అమ్మాయి గొంతు వచ్చింది. మూడింటికి వెంట్రుక కాలిన వాసన, అంటే అసలు పట్టు. మిగతావన్నీ ప్లాస్టిక్.

భాగ్యశ్రీ టీ గ్లాసును పక్కకు జరిపి లేచింది. అప్పటిదాకా ఎంచిపెట్టిన చీరల గుట్టను తాకనైనా తాకలేదు. చెప్పులేసుకుంటూ నన్ను అడిగింది:

"మీ నాయన ఇల్లు యాడమ్మా?"

*

మూడోరోజు సాయంత్రం ప్రవీణ్ మా గడప ముందుకొచ్చాడు. ఈసారి కేక వెయ్యలేదు. చంకలో కొత్త వార్పు చుట్ట. వీధి మాత్రం తలుపులు తెరుచుకుని చూస్తోంది.

"రామాంజన్నా," అన్నాడు మెల్లగా. "జరిగిందేదో జరిగింది. పనోళ్ళు కలిపేసినారు, నాకు తెల్లేదు. ఇదిగో వార్పు. రేపే మొదలుపెట్టు."

నాయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వినపడలే అప్పా."

"అదే... పొరపాటు జరిగిందంటాండా."

"ఆ పొద్దు ఎదురింట్లో గూడా వినపడింది. ఈ పొద్దు నాకే వినపడలే. వీధి తట్టు తిరిగి చెప్పు."

ప్రవీణ్ మొహం ఎర్రబడింది. నా వైపు చూశాడు. నేను కెమెరా పట్టుకుని గోడకానుకుని ఉన్నాను. వీధి వైపు తిరిగాడు. "రామాంజి పట్టు మార్చలేదు," అన్నాడు.

"ఎవరు మార్చినారు?" అంది మా అమ్మ లోపల్నుంచి. అన్ని వారాల తర్వాత ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే.

"...నేనే."

నాయన తలూపాడు. "సరే. వార్పు తీసుకోని పో."

"అన్నా, ఇప్పుడు చెప్పినా కదా!"

"చెప్పినావు. అందుకే వీధిలో తలెత్తుకోని తిరుగుతా. నీ వార్పు మాత్రం నా మగ్గం మీద ఎక్కదు."

ప్రవీణ్ షాపు మూతపడలేదు. ఇప్పటికీ నడుస్తోంది, కొత్త బోర్డు కూడా పెట్టాడు. దాని ముందు నుంచి పోయిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. వీధిలో తలుపేసుకున్న పక్కింటామె ఇప్పుడు పెరుగు తోడు అడగడానికి వస్తుంది. అమ్మ ఇస్తుంది. నేనైతే ఇవ్వను.

భాగ్యశ్రీ పంపిన వార్పు ఫిబ్రవరిలో వచ్చింది. నాయన పాత నల్లకొసలకు దాన్ని పోగుపోగుకూ అతికాడు. ఆ నెలలోనే రొద్దం చేలో నా ఫోటోలు సరిపడా వచ్చాయి. అన్నీ పేర్చాక ముదురెరుపు తెర ముందు గుర్రం తలెత్తి నిలబడింది. బుడన్‌సాబ్ మామ పెద్ద సైజులో కొట్టిచ్చాడు. నాయన దాన్ని మగ్గం ఎదురుగా గోడకు ఆనించి, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని చూశాడు.

"ఇది ఆ గీత కెమెరాతోనే తీసినావా?"

"ఊ."

"సాముల నల్లబట్టలు ఎర్రగా చూపించిన కెమెరా?"

"అదే నాయనా."

ఆయన గుర్రం మెడ మీద వేలు పెట్టాడు. పట్టు నాణ్యం చూసేటప్పుడు రుద్దినట్టు బొటనవేలితో మెల్లగా రుద్దాడు.

"ఇది మాత్రం నల్లగానే ఉండాది. అసలుదే," అని, వంగి అడ్డపోగు నడిపే నాడె అందుకున్నాడు.